ఎనభై ఐదు అన్న గొంతు

దెయ్యం ఉందని ఎవరైనా అంటే, దాని బరువెంత, సాంద్రత ఎంత అని అడిగే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా పెరంబూరులోని బ్యాటరీ షెడ్డులో జరిగింది మాత్రం నాకు మింగుడుపడలేదు.

యాభైల్లో మాట. బ్యాటరీల్లో పోయడానికి గాఢ గంధకామ్లాన్ని నీళ్ళలో కలిపేవాళ్ళం. కలిపితే జాడీ భగ్గుమనేది. ఎంత వేడెక్కుతుందో ముందే లెక్కగట్టాలి. బి.ఎస్సీ. చదివినవాణ్ణి గనక నా లెక్కకు మూడు ఠావుల కాగితం, రెండు పెన్సిళ్ళు, వీశెడు చెమట ఖర్చయ్యేవి.

నాతో పనిచేసే గోవిందు చదివింది ఎనిమిదో తరగతి. వాడు నీళ్ళ జాడీని అరచేత్తో తడిమి అంకె చెప్పేవాడు. థర్మామీటరు వాడి మాట జవదాటేది కాదు. అప్పుడు నా కడుపులో పుట్టే వేడికి ఏ పుస్తకంలోనూ సూత్రం లేదు.

షెడ్డు కూలీల మీద పెత్తనం చేసే ఛార్జిహ్యాండు ఉద్యోగం ఖాళీ అయింది. ఎవరి అంకె సరిపోతే వాళ్ళకే, తప్పితే ఇద్దరికీ లేదన్నాడు ఫోర్‌మన్. పరీక్ష పెట్టిన ఉదయం గోవిందు రాలేదు. షెడ్డు రేకులు లేచిపోయేంత సంతోషం నాకు. పలక మీద అరవై ఏడు అని రాసి ఫోర్‌మన్ కోసం చూస్తున్నాను.

వెనక నుంచి గోవిందు గొంతు.

"అన్నా, ఆ పుస్తకంలోవి లండన్ నీళ్ళు. ఈడి నీళ్ళు ముట్టుకుని చూసినావా? ఎనబై ఐదు ఏసుకో."

తిరిగి చూస్తే ఎవరూ లేరు. షెడ్డుకు ఉన్నది ఒకటే తలుపు, అది నా ఎదురుగానే ఉంది. నీళ్ళలో థర్మామీటరు పెట్టాను. ఎండాకాలం మద్రాసు నీళ్ళు, ముప్పై మూడు డిగ్రీలు. పుస్తకం లెక్కకు తీసుకున్న నీళ్ళు పదిహేను. పద్దెనిమిది తేడా. అరవై ఏడు కొట్టేసి ఎనభై ఐదు రాశాను.

ఫోర్‌మన్ ఎదుట ఆమ్లాన్ని సన్నధారగా నీళ్ళలోకి వంచాం. పాదరసం ఎనభై ఐదు దగ్గర ఆగింది. ఉద్యోగం నాదైంది.

సాయంత్రం చింతాద్రిపేటలో వాడి ఇంటికి వెళ్ళాను. పరామర్శకని చెప్పుకున్నాను గానీ, గొప్ప చెప్పుకోవడానికే. గోవిందు ముందురోజు నుంచి మంచం దిగలేదట.

"పొద్దున ఒకటే పలవరింత నాయనా, ఎనబై ఐదు, ఎనబై ఐదు అంటా," అంది వాళ్ళమ్మ. "జొరం అంత ఉందేమోనని బయపడితిని."

గోవిందు కళ్ళు తెరిచాడు. "ఎంత వచ్చిందన్నా?"

చెప్పాను. నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. ఉద్యోగం ఎవరికొచ్చిందో అడగలేదు.

చచ్చినవాడైతే దెయ్యమనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. వాడు ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నిక్షేపంగా నా కిందే పనిచేశాడు. ఆ గొంతు షెడ్డులోకి ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఛార్జిహ్యాండు కుర్చీలో కూర్చుని, జాడీని తడిమే ఆ అరచేతిని చూసినప్పుడల్లా కడుపు మండడం మాత్రం ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు.