ఇంటికొక్క ఈమెయిల్

మొన్న మేడిపల్లిలో అక్క మనవరాలిని ఉయ్యాలలో వేశాం. పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయడం అయిందో లేదో, మా అక్క కూతురు ఫోను తీసి, ఇంకా మెడ నిలవని ఆ పసిగుడ్డు పేరు మీద ఒక ఈమెయిల్ తెరిచేసింది. ఇప్పుడే పట్టి పెట్టుకోకపోతే ఆ పేరు ఇంకెవరో తీసుకుంటారట, పిల్ల పెద్దయ్యాక పేరు పక్కన అంకెలు తగిలించుకోవలసి వస్తుందట. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరువాత వంటింట్లోకి పోయి, పంపు తిప్పి, నీళ్లు పోతుంటే ఊరికే చూస్తూ నిలబడ్డాను.

తెలంగాణ ఇంకా రాలేదు, ఇదిగో వస్తుంది అదిగో వస్తుందని జనమంతా రోడ్ల మీద ఉన్న రోజులవి. మా ఆయన పోయాక జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో అక్కావాళ్ల ఇంట్లో చేరాను. రెండు గదుల్లో అక్క, బావ, పిల్ల, మా తమ్ముడు, నేను. మందు బిళ్లల కంపెనీలో ప్యాకింగు పని నాది. ఆ పొడి గొంతులో పడి దగ్గు విడిచేది కాదు, ఎంత తోమినా చేతుల చేదు పోయేది కాదు, పొద్దున అన్నం కలుపుకుంటే ముద్ద కూడా చేదుగానే ఉండేది. కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దంటే అదే ఆఖరు. అటువంటప్పుడు ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా కొలువులకు ప్రకటన పడింది. దూరవిద్యలో చదివిన డిగ్రీ నాకుంది, సడలింపులన్నీ కలుపుకున్నా వయసుకు అదే ఆఖరి ఏడు. ఆ కొలువొస్తే ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, రాత్రి నా తలుపు నేనే వేసుకుని పడుకోవచ్చని ఆశపడ్డాను. అక్క మంచిదే, బావ మంచివాడే, అయినా ఒకరి ఇంట్లో మూలన చాప పరుచుకుని పడుకున్న ఆడదానికే తెలుస్తుంది ఆ ఆశ ఎంత పెద్దదో.

దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలన్నారు, అందులో ఈమెయిల్ తప్పనిసరి అన్నారు. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏది వచ్చినా ఇంటికొకటే వచ్చేది. రేషన్ కార్డు ఇంటికొకటి, గ్యాసు కనెక్షన్ ఇంటికొకటి, గోడకు ఫోను ఉంటే అదీ ఇంటికొకటే. మా ఇంటి ఈమెయిల్ బావ తెచ్చాడు. ఆయన పనిచేసే కంపెనీ స్టోర్సులో కంప్యూటర్ ఆపరేటరు ఒకామె తయారుచేసి ఇస్తే, కాగితం మీద రాయించుకుని వచ్చి, క్యాలెండరు వెనక గుండుసూదితో గుచ్చి, వచ్చిన చుట్టానికల్లా చూపించాడు. మాలో ఎవరు ఏ ఫారం నింపినా అదే రాసేవాళ్లం. ఇంటికొకటే ఉండాలని మాకెవరూ చెప్పలేదు, ఇంకొకటి ఉండవచ్చని కూడా ఎవరూ చెప్పలేదు.

అదే కొలువుకు తమ్ముడి దరఖాస్తు ముందే ఆఫీసు నుంచి బావే పెట్టేశాడు. నాకు మండలాఫీసు నుంచి రావలసిన సర్టిఫికెట్ సమ్మెల వల్ల ఆలస్యమై, ఆఖరి తేదీ నాటికి గానీ చేతికి రాలేదు. ఆ రోజు బంద్. నాచారంలో ఒక్క షాపు తెరవలేదు, బస్సు లేదు, ఆటో లేదు. బావా నేనూ ఉప్పల్ దాకా నడిచాం. అక్కడ ఒక టిఫిన్ సెంటరు పైన నెట్ షాపాయన సగం షట్టరెత్తి పిల్లల్ని లోపలికి వదులుతున్నాడు. చాలాసేపు నిలబడ్డాక ఒక సీటు దొరికింది. బావ కుర్చీలో, నేను వెనక.

నింపడమే ఒక పెద్ద పని. ఈమెయిల్ గడిలో బావ ఎక్కడో ఒక ఖాళీ వదిలాడేమో, సరైన ఈమెయిల్ రాయమని కింద ఎర్రక్షరాలు వచ్చాయి. చెరిపి, ఒక్కొక్క అక్షరం వేలితో వెతికి కొట్టాడు. ఎరుపు పోయింది. దేవుడా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. చివర బటన్ నొక్కితే మళ్లీ ఎరుపు, ఈసారి వేరే మాట. ఈ ఈమెయిల్ మీద ఇదివరకే ఒకరు దరఖాస్తు చేశారు అని.

బావ ఆ అక్షరాలు వేలు పెట్టి చదివాడు. "అయిపాయె. తమ్మునిది పోయింది గద, ఇగ నీది తీసుకుంటలేదు. ఇంటికి ఒక్కటే అంటున్నది" అన్నాడు. షాపాయన చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉన్నాడు, పక్క సీటులో ఒక పిల్లకు ఏదో చూపిస్తున్నాడు. "ఆయన్ని జర అడుగుదమా బావా" అన్నాను మెల్లగా. "అడుగుడేంది, నాకు తెల్వదా?" అన్నాడు. నా కోసం ఎండలో అంత దూరం నడిచి వచ్చిన మనిషి, పైగా ఇంటి అల్లుడు, నలుగురిలో ఆయన మాట తీసేసి పరాయివాణ్ణి అడగడం మా ఇళ్లలో లేదు. సరే పోదాం బావా అన్నాను.

హాల్ టికెట్ వచ్చింది, తమ్ముడిది. పరీక్షనాడు వాడు దుప్పటి ముసుగు తీయలేదు. "నేనేడ రాస్తనక్కా, బావ నింపిండని ఊకున్న గంతే" అన్నాడు. డబ్బా కట్టుకుని కంపెనీకి పోయాను.

తరువాత కొన్నాళ్లకు కంపెనీలో మమ్మల్ని తీసేశారు. ఏదైనా ఆఫీసులో చిన్న పనైనా దొరుకుతుందేమోనని ఏఎస్ రావు నగర్‌లో కంప్యూటర్ క్లాసులో చేరాను. మొదటి రోజే సారు అందరినీ ఎవరి ఈమెయిల్ వాళ్లను తయారు చేసుకోమన్నాడు. నేను లేచి, "సార్, మా ఇంటికి ఒకటున్నది, ఇంకోటి ఇస్తరా?" అని అడిగాను. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ సారు కోస్తావాడు, నవ్వలేదు పాపం. "ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చండి, డబ్బులేం కట్టక్కర్లేదు" అన్నాడు. చేశాను. చాయ్ చల్లారేలోపు అయిపోయింది. లోపల తెరిచి చూస్తే, స్వాగతం అంటూ ఆ ఈమెయిల్ ఇచ్చే కంపెనీ వాళ్లు పంపిన ఉత్తరం ఒక్కటే ఉంది. ఆ పిల్లల మధ్య కూర్చుని ఏడ్చాను, కంట్లో నలుసు పడిందని కళ్లు తుడుచుకున్నాను. అప్పటికి నా వయసు దాటిపోయింది.

బావకు ఈ సంగతి చెప్పలేదు. చెప్తే నాకు పోయిన ఏడు తిరిగి రాదు, ఆయనకు మాత్రం నిద్ర పట్టదు. ఆ తరువాత బట్టల షాపులో బిల్లులు కొట్టాను, స్కూల్లో ఆయాగా చేశాను, దగ్గు నాతోనే ఉండిపోయింది. తెలంగాణ వచ్చింది, ఉప్పల్లో నెత్తి మీద రైలు తిరుగుతోంది, ఆ నెట్ షాపు ఎక్కడుండేదో ఇప్పుడు పోల్చుకోలేను.

మొన్న ఉయ్యాల దగ్గర బావ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, "మన ఇంట్ల మొదటి ఈమెయిల్ తెచ్చింది నేనే, ఎరికేనా బిడ్డా" అని చెప్పుకుంటూ, సాక్ష్యానికి నా వైపు చూశాడు. ముసలితనంలో ఆయన ముఖం ఎంత సంబరంగా ఉందో. "అవును బావా, నువ్వే తెచ్చినవ్" అన్నాను.

ఇప్పుడు పుట్టిన ప్రతి పిల్లకూ దాని పేరు మీదే ఒకటి ఉంటుంది, అది మంచిదే, ఏ ఆడపిల్లా ఇంకొకరి దానికోసం ఎదురుచూడనక్కర్లేదు. నా ఈమెయిల్ కూడా ఇంకా ఉంది, చీరల షాపుల వాళ్లు తప్ప ఎవరూ రాయరు. ఏ ఫారం నింపినా ఆ గడిలో నా పేరున్నదే కొడతాను, ఒక్క ఎర్రక్షరం రాదు. దాని కింద ఇంటి అడ్రసు అడుగుతారు. అక్కడ మాత్రం ఇప్పటికీ అక్కావాళ్లదే రాస్తున్నాను.