ఫొటోలో ఒంటి చిలుక

నిర్మల్‌లో పాత కోట గోడ పక్కన రాజవ్వ ఇల్లు. ఆమె చేసే కొయ్యబొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేందుకు ఫొటోలు తీస్తున్నాను. జంట చిలుకల్లో ఒక్కదాన్నే తెల్ల గుడ్డ మీద పెట్టగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండూ ఒక్క కట్టెల పుట్టినయి బిడ్డా. ఒంటిగ తీస్తే బెంగటిల్లదా?"

"ఫొటోలో ఒక్కటే ఉండాలట అవ్వా. లేకుంటే సైటువాళ్ళు తీసుకోరు," అన్నాను మెల్లగా. ఆమె తొలి అవకాశం నా చేతుల్లో పోతుందేమోనని భయం.

రాజవ్వ రెండో చిలుకను ఫొటోలో పడకుండా, మొదటిదానికి ఎదురుగా నిలబెట్టింది. "ఇగ తియ్యి. గిది దాన్నే సూస్తుంటది. పరేషాన్ గాకు."

కోట నీడ గుడ్డ అంచుదాకా వచ్చి ఆగింది.

కరీంనగర్ బస్సులో ఉండగా, ఫొటో ఒప్పుకున్నారని కబురొచ్చింది. మళ్ళీ తెరిచి చూశాను. ఒంటి చిలుక మెడ కొంచెం ఎత్తి, అంచు అవతలికి చూస్తూనే ఉంది.