సుబేదారుకు పర్మిషన్ లేదు

వీపనగండ్లకు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో సుబేదారు వెంకట్రాములు అనే మనిషి ఉన్నాడు. సైన్యం నుంచి పింఛను మీద ఇంటికొచ్చి ఏళ్లు గడిచినా సైన్యం రూల్స్ మాత్రం ఒక్కటీ వదల్లేదు. సైనికుడు రాజకీయాలు మాట్లాడకూడదు, ఒక భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకోకూడదు, ఎవరి పండుగైనా తన పండుగే అనుకోవాలి. వీటిలో రెండో రూలు మీద ఆయన భార్య రేణుకమ్మకు ఏ అభ్యంతరమూ లేదు. మిగతావాటితోనే ఆమె ప్రాణం విసిగిపోయింది.

పొద్దున్నే హోటల్ దగ్గర నలుగురు చేరి టీ తాగుతూ కబుర్లు చెప్పుకోవడం ఆ ఊరి అలవాటు. సుబేదారు కూడా వెళతాడు. వానల గురించి, పల్లీ ధర గురించి, ఎవరి బోరు ఎండిందన్న సంగతి గురించి బాగానే మాట్లాడతాడు. అంతలో ఎవరో ఒకరు "ఈసారి ఎవరు గెలుస్తరంటవ్, సుబేదారన్నా?" అంటారు. అంతే. ఆయన నడుం నిటారుగా అవుతుంది.

"నాకు పర్మిషన్ లేదు," అంటాడు. గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి, అవతల కట్టేసి ఉన్న బర్రె పక్కన నిలబడి టీ తాగుతాడు. ఎందుకంటే ఇద్దరు మనుషులు రాజకీయం మాట్లాడితే అది రాజకీయ సభ. అందులో సైనికుడు ఉండరాదు. బర్రెతో ఆ భయం లేదు.

ఒకసారి మంగలి షాపులో సగం గడ్డం గీశాక, మంగలి ఊరుకోలేక ఎమ్మెల్యే మాట ఎత్తాడు. సుబేదారు భుజం మీది గుడ్డ తీసి మడతపెట్టి, ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బునురగతో బజారు వెంట నడిచి ఇంటికొచ్చాడు. రేణుకమ్మ తలుపు తీసి ఆ ముఖం చూసి గుండె పట్టుకుంది.

"గిదేంది? ఎవరన్న కొట్టిన్రా?"

"రాజకీయ ప్రసంగం జరిగింది. వాకౌట్ చేసి వచ్చిన."

ఇక మతం సంగతి. సైన్యంలో గుడి, మసీదు, గురుద్వారా, చర్చి ఒకే కప్పు కింద ఉండేవని, సుబేదారన్నవాడు అన్నిటికీ హాజరు కావాల్సిందేనని ఆయన చెబుతాడు. అందుకని రంజాన్ నెలలో టోపీ పెట్టుకుని తమ వీధిలోని బడేబీ ఇంట్లో ఖర్జూరం తింటాడు. క్రిస్మస్‌కు చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు. పీర్ల పండుగకు అందరికంటే ముందు స్నానం చేసి నిలబడతాడు. ఆ నెలల్లో ఆయన ఇంట్లో భోజనం చేసేది తక్కువ. వండిన కూరలు పారబోయలేక రేణుకమ్మ తిప్పలు పడేది.

శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుళ్లో జరిగినది మాత్రం ఆమె చచ్చేదాకా మరిచిపోదు. అర్చన చేయిద్దామని పళ్లెం ఇస్తే పూజారి గోత్రం అడిగాడు.

"పల్టన్‌లో కులం, గోత్రం చెప్పుకునే రూలు లేదు, పంతులూ," అన్నాడు సుబేదారు.

"మరి ఏ పేరు మీద చెయ్యమంటరు?"

"బ్రావో కంపెనీ." సైన్యంలో ఆయన పనిచేసిన దళం పేరది.

పూజారి పెద్దమనిషి. వాదన పెట్టుకోలేదు. "బ్రావో కంపెనీ గోత్రోద్భవస్య" అని స్వామికి వినిపించేలా గట్టిగా చదివాడు. వరసలో వెనక ఉన్నవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. రేణుకమ్మ తీర్థం తీసుకుంటూ స్వామికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

ఇక ఇంట్లో ఆయనకు రేణుకమ్మే కమాండింగ్ ఆఫీసరు. గద్వాల పోవాలన్నా, నాగర్‌కర్నూల్ పోవాలన్నా గడప దగ్గర నిలబడి, "మేడం, ఔట్‌పాస్ కావాలె," అంటాడు. ఆమె "పో, పో" అంటే కదలడు. "మంజూరు" అనాలి.

ఇట్లా నవ్వుకుంటూ, తిట్టుకుంటూ నడుస్తున్న సంసారంలోకి పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది. పొదుపు సంఘం ఆడవాళ్లంతా వచ్చి రేణుకమ్మను నిలబడమన్నారు. సంఘం లీడరుగా ఆమెకు ఊళ్లో ప్రతి గడపా తెలుసు. ఎవరి నల్లాలో నీళ్లు రావో, బడేబీ ఇంటి ముందు మురికినీళ్లు ఎందుకు నిలుస్తాయో, ఏ అంగన్‌వాడీ కప్పు కురుస్తుందో ఆమెకు నోటికి వచ్చు. పైకి "నాకేం చేతనైతది" అంది గానీ, లోపల ఆమెకు గట్టిగా ఆశ పుట్టింది. జీవితంలో తన కోసం ఇంతగా ఏదీ కోరుకోలేదు.

పోటీగా సుహాసిని నిలబడింది. నిలబడింది అనడమే గానీ, ఆమెను ఎవరూ చూసింది లేదు. ఫ్లెక్సీ నిండా ఆమె భర్త శివకుమార్ చేతులు జోడించి నవ్వుతుంటే, కింద మూలన బొట్టుబిళ్లంత సుహాసిని ఉంది. మైకులో శివకుమార్ దాపరికం లేకుండా చెప్పేశాడు.

"సంతకం ఆమెది, సర్పంచ్‌గిరి నాది! ఏ పనున్నా నా తాన్కి రాండ్రి!"

జనం చప్పట్లు కొట్టారు. ఇదివరకు ఆ ఊళ్లో ఆడ సర్పంచులు గెలిచినప్పుడల్లా జరిగింది కూడా అదే. పంచాయతీ ఆఫీసులో సర్పంచ్ కుర్చీ పక్కన భర్తకో కుర్చీ ఎప్పుడూ ఉండేది. కొన్నాళ్లకు ఆ భర్త పక్క కుర్చీలోంచి అసలు కుర్చీలోకి జరిగేవాడు.

ఇక అందరూ సుబేదారు మీద పడ్డారు. "నువ్వొక్కసారి మైకు పట్టు, సుబేదారన్నా. నీ గొంతుకు సగం ఊరు పడతది. ఆడమనిషి ఏం మాట్లాడుతది?"

"నాకు పర్మిషన్ లేదు."

"నీ పెండ్లానికే గదనే!"

"పెండ్లామైతే రూలు మారుతదా?"

ఆయన ప్రచారానికి రాలేదు. కరపత్రం ముట్టుకోలేదు. ఇంట్లో సంఘం ఆడవాళ్లు సమావేశం పెట్టుకుంటే, అది రాజకీయ సభ గనక, బయట వాకిట్లో కూర్చున్నాడు. అందరికీ టీ మాత్రం అక్కడే పొయ్యి మీద తనే పెట్టి, కిటికీలోంచి గ్లాసులు అందించాడు. రేణుకమ్మకు కడుపు మండిపోయింది. రంజాన్‌కు, క్రిస్మస్‌కు, బర్రెకు అందరికీ తోడుండే మనిషి తనకు మాత్రం తోడు రాడా అని వంటింట్లో ఒక్కతే ఏడ్చింది.

ప్రచారం చివరి రోజు చౌరస్తాలో సభ. ఊరంతా వచ్చింది. అభ్యర్థి మాట్లాడాలని మైకు ఆమె చేతికిచ్చారు. రేణుకమ్మ మైకును రెండు చేతులా పట్టుకుంది. "అన్నలారా, అక్కలారా" అంది. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. అవతల శివకుమార్ మనుషులు ఈల వేశారు. ఆమె కళ్లు భర్త కోసం వెతికాయి. సుబేదారు వచ్చాడు. అయితే రోడ్డుకు ఆ పక్కన, సభకు వీపు పెట్టి, మూసి ఉన్న కిరాణా దుకాణం షట్టరు వైపు ముఖం పెట్టి, అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు.

ఆ వీపు చూడగానే రేణుకమ్మకు ఒళ్లు మండింది. ఆ మంటలో భయం ఎటు పోయిందో పోయింది.

"నా తరఫున మాట్లాడనీకి నాకు మొగడు లేడు!" అంది మైకులో. జనం ఉలిక్కిపడ్డారు. "ఉన్నడు గానీ చూస్తున్రు గదా, షట్టరుకు ముచ్చట చెప్తుండు!"

చౌరస్తా అంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ఈలలు వేసినవాళ్లు కూడా నవ్వారు. సుబేదారు కదల్లేదు.

"అందుకే నేనే మాట్లాడుత. రేపు గెలిస్తే నేనే పని చేస్త. బడేబీ అక్క వాకిట్ల మురికినీళ్లు ఎందుకు ఆగుతున్నయో నాకు ఎరుక. ఎగువన మోరీ మీద ఎవరు మెట్లు కట్టిన్రో గూడ ఎరుక. పేరు చెప్పాల్నా?"

"చెప్పొద్దు, చెప్పొద్దు!" అన్నాడు జనంలోంచి ఒకాయన కంగారుగా. మళ్లీ నవ్వులు. ఆ తర్వాత ఆమెను ఆపడం మైకువాడి వల్ల కూడా కాలేదు.

రేణుకమ్మ గెలిచింది. పెద్ద మెజారిటీ ఏమీ కాదు గానీ గెలుపు గెలుపే. రంగు చల్లారు, డప్పు కొట్టారు. ఆమె మాత్రం భర్తతో మాట్లాడలేదు. ఔట్‌పాస్ అడిగినా మంజూరు చేయలేదు.

ప్రమాణస్వీకారం రోజు పంచాయతీ కార్యదర్శి నిరోష, పాత అలవాటు కొద్దీ సర్పంచ్ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించింది. "సార్, లోపలికి రండి" అని సుబేదారును పిలిచింది. ఆయన గడప బయటే ఆగిపోయాడు. "ఎన్నికైనోళ్ల కాడ కూసోనీకి నాకు పర్మిషన్ లేదమ్మా."

అప్పుడే ఇటిక్యాల నుంచి ఫకీర్ పూలదండతో వచ్చాడు. బ్రావో కంపెనీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు, సుబేదారుకు పాత దోస్తు. దండ రేణుకమ్మకు ఇచ్చి, బయట నిలబడ్డ మనిషిని చూసి తెల్లబోయాడు.

"సాబ్ బయటెందుకున్నడు, వదినమ్మా?"

"మీ మిలిట్రీ రూలంట గద, అన్నా."

"రిటైరైనోళ్లకు రూలెక్కడిది?" అని ఫకీర్ గట్టిగా నవ్వాడు. "పోయినసారి మా ఊర్ల నేను వార్డు మెంబరుగ నిలవడితే మైకు పట్టింది ఎవరనుకున్నవ్? సాబే! వారం దినాలు మా ఇంట్లనే ఉండి, గల్లీ గల్లీ తిరిగి ఓట్లడిగిండు."

ఆ వారానికి "కంపెనీ దోస్తుల కలయిక" అని ఔట్‌పాస్ మంజూరు చేసింది రేణుకమ్మే. ఆమె చూపు గడప మీదికి తిరిగింది. సుబేదారు జీవితంలో మొదటిసారి అటెన్షన్‌లో తడబడ్డాడు.

సభ ముగిశాక, అందరూ లడ్డూల దగ్గర ఉన్నప్పుడు, ఆమె ఆయన్ను వేపచెట్టు నీడకు లాక్కుపోయింది.

"ఫకీరన్నకు ఉన్న పర్మిషన్ నాకు లేకపాయెనా?"

సుబేదారు బూట్లు చూసుకుంటూ అన్నాడు. "ఆడ నేను పరాయోన్ని. ఈడ నేను మైకు పడితే ఊరంతా నా మొకమే చూస్తుండె, రేణుకా. ఓటు నా మొకానికే పడుతుండె. గెలిచినంక మోరీ కోసం, నల్లా కోసం నా తాన్కే వస్తుండ్రి. గా పక్క కుర్చీల నన్నే కూసోపెడుతుండ్రి. మంచిగనే ఉంటది గా కుర్చీ. ఒకసారి కూసుంటే లేవబుద్ధి కాదు."

"గా ముచ్చట నాకు ముందే చెప్తే ఏమైతుండె? నేనెంత ఏడ్చిన్నో నీకు తెల్వదు."

"తెలుసు. వాకిట్లకు ఇనొచ్చింది." ఆయన తల ఎత్తాడు. "చెప్తే నువ్వు బతిలాడుతుంటివి. నువ్వు బతిలాడితే నేను ఆగుతుంటినా? రూలు అడ్డం పెట్టుకుంటెనే ఆగిన. షట్టరు కాడ గూడ, నువ్వు మాట్లాడుతుంటే ఎనుకకు తిరిగి సెల్యూట్ కొట్టాలనిపిచ్చింది."

రేణుకమ్మకు కోపం పోయింది. ఆ మనిషి మీద పెళ్లినాటి ప్రేమంతా ఒక్కసారి పొంగింది. అది కనబడనీయకుండా కొంగు సర్దుకుంది. లోపల ఆ రెండో కుర్చీ ఖాళీగానే ఉంది. మురికినీళ్ల గురించి అడగడానికి అప్పుడే వచ్చిన బడేబీ దాన్ని లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

రేణుకమ్మ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"సరే గానీ, ఓటన్న నాకేసినవా?"

సుబేదారు మడమలు దగ్గరికి చేర్చాడు. "ఎవరికేసినమో చెప్పొద్దని రూలున్నది, మేడం."

"గిది గూడ నువ్వు పుట్టిచ్చిన రూలేనా?"

"కాదు. గిదొక్కటి అందరికున్నది."

రేణుకమ్మ నవ్వుకుంటూనే వెళ్లి సర్పంచ్ కుర్చీలో కూర్చుని, బడేబీని ముందుగా మాట్లాడమంది.