నేను పైపరజీన్ తాగిన రోజు

ఆ రోజుల్లో నాకు మనుషులకంటే మందులమీదే నమ్మకం ఎక్కువ. కరీంనగర్‌లో ఫార్మసీ చదువు ముగించి, జిల్లాలోనే ఒక నేతపనివాళ్ల ఊరి దవాఖానలో కొత్తగా చేరాను. (డైరీ రాసే అలవాటు అప్పటికే ఉంది, ఆనాటి పేజీల్లో భయం తప్ప వేరే విశేషం కనిపించదు.) నేతవీధి పిల్లలందరికీ నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించి రమ్మన్నారు డాక్టరుగారు. అదీ చేతకాకపోతే ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్లిపొమ్మన్నారు.

ఆ మందు పైపరజీన్. నాలుగు కార్బన్లు, రెండు నత్రజనులు చేతులు పట్టుకుని నిలబడ్డ ఉంగరం. ఊరికే ఉంచితే గాలిలో తేమ పీల్చుకుంటుంది. నిమ్మ ఉప్పుతో కలిస్తే కుదురుగా ఉండి, తియ్యటి పాకంలో కరుగుతుంది. కడుపులోని పురుగును అది చంపదు, ఒళ్లు సడలించి పట్టు తప్పిస్తుంది, అంతే. మిగతా పని పేగులు చూసుకుంటాయి. ఇదంతా వీధిలో వివరంగానే చెప్పాను. మరమగ్గాల (వాళ్లు సాంచాలంటారు) చప్పుడులో అందరూ తలలూపారు. ఒక్క ముక్కా వినపడకుండానే ఊపారని మర్నాడు తెలిసింది.

నూలు కండెలు చుట్టే ముసలామెను అందరూ కండెలవ్వ అనేవారు. మొదట మందు తాగింది ఆమె మనవరాలే. తెల్లవారగానే కండెలవ్వ వీధి ఆడవాళ్లను వెంటేసుకుని దవాఖానకు వచ్చింది. పురుగులు పడ్డాయట, కానీ కదులుతున్నాయట.

"సంపేటందుకిచ్చినవా, సాదుకునేటందుకిచ్చినవా కొడుకా?" అంది. నేను ఉంగరం సంగతి మొదలుపెట్టేలోపే, "గదంత నాకెర్క లేదు. గా మందు జర నువ్వు తాగి సూపియ్యి" అంది.

అందరి ముందూ తాగాను. ఆ రాత్రంతా నిద్ర లేదు. ఏమీ పడకపోతే మందు ఉత్తదంటారు, ఉద్యోగం పోతుంది. పడితే పరువు పోతుంది. రెండింట్లో ఏది కోరుకోవాలో తెలియక దేవుడికి మొక్కుకోవడం కూడా కుదరలేదు.

పొద్దున చెంబు పట్టుకుని తుమ్మచెట్లవైపు వెళ్లాను. తిరిగి వస్తుంటే సాంచాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. వీధి వీధంతా అరుగులమీదే ఉంది.

"పడ్డదా సారూ?" అంది కండెలవ్వ.

"పడ్డది" అన్నాను. ఎంత మెల్లగా అన్నా ఆ నిశ్శబ్దంలో వీధి చివరిదాకా వినపడింది.

"కదిలిందా?"

"కదిలింది."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, వీధివైపు తిరిగింది. "సదువుకున్న సారు కడుపులది గూడ కదుల్తుందట. ఫికర్ లేదు, పోరగాండ్లను తోల్కరాండ్రి."

మధ్యాహ్నానికి నా దగ్గర మందు అయిపోయింది. ఉద్యోగం నిలబడింది. పరువు సంగతి ఆ వీధిలో ఎవరూ అడగలేదు. అందరిదీ ఒకటే పరువైపోయింది మరి.

ఇప్పుడు నట్టలకు వేరే బిళ్లలు వచ్చాయి. ఆ ఉంగరం మాత్రం పోలేదు. అలర్జీ మందుల్లో, మనసు జబ్బుల మందుల్లో ఒక భాగమై కూర్చుంది. మొన్న నా తుమ్ములకు రాసిన బిళ్లలోనూ అదే ఉందని చూసి, పాత స్నేహితుడు కనిపించినట్టు కాసేపు అరచేతిలో పెట్టుకున్నాను. మింగి, పొద్దున లేవగానే ఆ వీధి గుర్తొచ్చి గుమ్మంవైపు చూశాను. తుమ్ములు తగ్గాయి. అడిగేవాళ్లే ఎవరూ లేరు.