అందరూ ఒప్పుకున్న సముద్రపు కొండ

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ నిండుతున్న చలికాలంలో నన్ను ఢిల్లీలోనే సముద్ర పరిరక్షణ విభాగానికి అండర్ సెక్రటరీగా మార్చారు. సెక్షన్ తయారుచేసిన ఫైలును సరిచూసి, తన అభిప్రాయం రాసి పైకి పంపడం అండర్ సెక్రటరీ పని. నాది అనంతపురం జిల్లా. అప్పటికి సముద్రాన్ని చూసింది ఏ రెండుసార్లో. మా జాయింట్ సెక్రటరీ గారి లెక్కలో మాత్రం వింధ్య దాటితే అంతా బీచే. "రావ్ సాబ్, ఆప్ తో సముందర్ వాలే హై", మీరు సముద్రం మనిషే కదా, అంటూ మొదటిరోజే ఒక ఫైలు నా ముందుకు తోశారు.

అది ఒక కొండ గురించిన ఫైలు. మన తీరానికి చాలా దూరంలో, సముద్రం అడుగు నుంచి లేచి, నీటిపైకి రాకుండానే ఆగిపోయిన కొండ. దాని నెత్తిన పగడాలు, వాటిని నమ్ముకుని రకరకాల చేపలు. విశాఖ నుంచి వెళ్లిన శాస్త్రవేత్త డాక్టర్ సుజాత గారు ఓడ మీద నుంచి కెమెరా దించి వాటిని చూశారు. అడుగున వలలు ఈడ్చుకుంటూ పోయే పడవలు అటు రావడం మొదలైంది. ఒక్కసారి వల ఈడిస్తే ఆ పగడాలు మన మనవల కాలానికి కూడా తిరిగి లేవవని ఆవిడ బెంగ. అక్కడ అడుగు వలలు వేయకూడదు, తవ్వకూడదు. ఆవిడ అడిగింది అంతే.

ఇలాంటి ప్రతిపాదనను సంబంధమున్న శాఖలన్నింటికీ పంపి అభిప్రాయం అడగాలి. చేపలు ఒకరివి, అడుగున ఉన్న ఖనిజాలు ఇంకొకరివి, పైన పోయే ఓడలు మరొకరివి. పోట్లాట తప్పదనుకున్నాను. విచిత్రంగా అందరూ అభ్యంతరం లేదన్నారు. కాకపోతే ఎవరి షరతు వారు పెట్టారు. చేపలవారు వేట ఆగకూడదన్నారు, ఖనిజాలవారు అన్వేషణ ఆగకూడదన్నారు, ఓడలవారు రాకపోకలు ఆగకూడదన్నారు. దేనికది చూస్తే ఏదీ అన్యాయంగా కనిపించలేదు.

వచ్చిన జవాబులను సెక్షన్‌లో పట్టికగా వేస్తారు. పట్టికలో గడి ఇరుకు. అందులో 'సమ్మతి' అన్న మాటే పట్టింది. షరతులన్నీ వెనక అనుబంధంలోకి, అక్కడి నుంచి ఉత్తర్వు ముసాయిదాలోకి వెళ్లాయి. పైవాళ్లు ముందు చూసేది పట్టికే. "సబ్ రాజీ హై, ఠీక్ హై" అంటూ, అందరూ ఒప్పుకున్నారని జాయింట్ సెక్రటరీ గారు సంబరపడ్డారు. నేనూ సంతోషించాను కానీ, ఎందుకో మనసు పీకుతూనే ఉంది.

ముసాయిదా చూసుకోమని సుజాత గారిని పిలిపించాం. నోయిడాలో చెల్లెలింట్లో దిగి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆదరాబాదరాగా వచ్చారు. నా ఎదుట కూర్చుని మొత్తం చదివారు. మళ్లీ మొదటి పేజీకి వెళ్లారు. తర్వాత మామూలుగానే అడిగారు: "సార్, మరి ఇక్కడ ఏటి చెయ్యకూడదు?"

అదేం ప్రశ్న అనుకుని వెతకడం మొదలుపెట్టాను. వేట సాగవచ్చు. అన్వేషణ సాగవచ్చు. ఓడలు తిరగవచ్చు. చివరి పేజీలో ఒకే ఒక్క నిషేధం దొరికింది: రక్షిత ప్రాంతంలో నిప్పు రాజేయరాదు.

మా ఆఫీసుల్లో కొత్త ఉత్తర్వును ఎవరూ కొత్తగా రాయరు. పాతదాన్ని ముందు పెట్టుకుని పేర్లు మారుస్తారు. ఈసారి సెక్షన్‌వాళ్ల చేతికి చిక్కింది ఏదో అభయారణ్యం ఉత్తర్వు. నిప్పు మాట ఏ శాఖకూ అడ్డురాలేదు కాబట్టి అదొక్కటే షరతు లేకుండా మిగిలింది.

ఇద్దరం జాయింట్ సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన కోప్పడలేదు. ముందు కొండకు హద్దులంటూ పడనివ్వండి, నిషేధాలు తర్వాత చేర్చుకోవచ్చు, హద్దులే లేకపోతే చేర్చడానికి చోటెక్కడ అన్నారు. సుజాత గారు ముసాయిదాను ఆయన ముందుకు జరిపారు. "రక్షించేశామని రాసేసుకున్నాక మళ్లీ అటు చూసేదెవరు సార్?" అన్నారు. నాకు ఆయన మాటా నిజమే అనిపించింది, ఆవిడ మాటా నిజమే అనిపించింది.

చివరికి, వలలమీద, తవ్వకాలమీద నిషేధం లేని ఈ ఉత్తర్వు ప్రయోజనం అర్థం కావడం లేదని, శాఖలను మళ్లీ సంప్రదించాలని నోట్ రాశాను. అందరూ సమ్మతించినందున అవసరం లేదని ఫైలు తిరిగొచ్చింది. పోనీ ఆ నిప్పు మాటైనా తీసేద్దామంటే, ముసాయిదా ముట్టుకుంటే న్యాయశాఖకు మళ్లీ పంపాలన్నారు. ఉత్తర్వు అలాగే వెలువడింది.

మరుసటి ఏడు సుజాత గారు ఆ కొండను మళ్లీ చూడటానికి ఓడ అడిగారు. ఇవ్వాలనే రాశాను. ఆ ప్రాంతం ఇప్పటికే రక్షితం కనుక ప్రాధాన్యం లేదని పైనుంచి జవాబు వెళ్లింది. ఆ వేసవిలోనే నేను రిటైరయ్యాను.

ఈ పనికి అడ్డుపడింది ఎవరా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఒక్కరూ తట్టరు. నేను నేర్చుకున్నది మాత్రం ఇది: రక్షణ ఉత్తర్వు చేతికొస్తే ఎవరెవరు ఒప్పుకున్నారని కాదు, ఏం చేయకూడదన్నారో ముందు చూడాలి. అక్కడ పగడాలు ఇంకా ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఉత్తర్వు ఉల్లంఘన మాత్రం జరగలేదు. ఆ కొండ మీద ఇంతవరకు ఎవరూ నిప్పు పెట్టలేదు.