జర ఆగమన్న చెక్కు

నాలుగేళ్ల కిందటి మాట. అమీర్‌పేటలో అప్పుడే కర్రీ పాయింట్ పెట్టాను. మైత్రీవనం దగ్గర బ్యాంకు పరీక్షలకు కోచింగ్ ఇచ్చే ఒక సారు, తన హాస్టల్ పిల్లలకు మధ్యాహ్నం భోజనాలు మా దగ్గరే తెప్పించేవారు. ఒకసారి నెల డబ్బుకు చెక్కు రాసిచ్చి, "అక్కా, జర ఆగు. అకౌంట్ల పైసలు పడంగనే నేనే చెప్త, అప్పుడెయ్యి" అన్నారు.

చదువు చెప్పే మనిషి కదా అని నమ్మాను. చెక్కును దేవుడి పటం వెనక పెట్టాను. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట, "జర ఆగక్కా."

చివరికి బియ్యం కొట్టాయన అరువు ఆపేశాడు. ఇక ఆగలేక పంజాగుట్టలో మా బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి తేదీ చూసి, "ఇది చెల్లదండీ, మూడు నెలలు దాటిపోయింది" అని వెనక్కి ఇచ్చేసింది. చెక్కుకు గడువుంటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఆ చెక్కు పట్టుకుని నేరుగా కోచింగ్ సెంటర్‌కు వెళ్లాను. క్లాసు జరుగుతోంది. గుమ్మంలో నిలబడ్డాను. సారు మైకులో అడుగుతున్నారు, "చెక్కు ఎన్ని నెలలు చెల్లుతది?"

"మూడు నెలలు సార్!" మా అన్నం తిన్న పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

ఆ పెద్దమనిషి నన్ను చూశాడు. తడబడనైనా లేదు. "యాదుంచుకోండ్రి, పక్కా వచ్చే ప్రశ్న" అంటూ బోర్డు వైపు తిరిగాడు. క్లాసయ్యాక కొత్త చెక్కు ఇమ్మంటే, "ఇస్త, జర ఆగక్కా" అన్నాడు.

ఇప్పటికీ ఇవ్వలేదు. ఆ రోజు ఆ క్లాసులో అందరికంటే ఎక్కువ ఫీజు కట్టింది నేనే.