దోమలపెంట నీళ్ళు, నల్లగొండ గాలి

తొంభైల్లో ఒక వేసవి. పీహెచ్‌డీ చదువులో భాగంగా నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం, అమ్రాబాద్ అడవి గుట్టల కింద, శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన కృష్ణా నీళ్ళను లెక్కగట్టేది. ఎండాకాలంలో లోతైన నీళ్ళు పొరలుగా విడిపోతాయి: పైన వెచ్చనివి, అడుగున చల్లనివి. పై పొర మందమెంతో చెప్పడమే ప్రోగ్రాం పని. నాది దాన్ని మరీ మందంగా చూపించింది, కొలతలు ఒప్పుకోలేదు. "సరిపోలకపోతే ఈ అధ్యాయం తీసెయ్యమ్మా" అన్నారు మా గైడ్. ఏళ్ళ కష్టం తీసెయ్యడమా? సమీకరణాల్లో తప్పు లేదని నాకు గట్టి నమ్మకం. కొలతలే మళ్ళీ సరిచూద్దామని పొడవాటి తీగ ఉన్న థర్మామీటరు, ఎందుకైనా మంచిదని ఒక గాలిమీటరు సంచిలో వేసుకుని బయల్దేరాను.

తెల్లవారుజామున నల్లగొండలో దేవరకొండ బస్సెక్కి, అక్కణ్ణుంచి డిండి చేరి, శ్రీశైలం బస్సు పట్టుకున్నాను. రానుపోను చార్జీలకు వంద నోటు సరిపోయేది. మన్ననూరు దాటాక మలుపుల్లో కడుపు తిప్పుతుంది, తేలిగ్గా తిని ఎక్కండి. దోమలపెంటలో దిగేసరికి మధ్యాహ్నమైంది. బాట దిగి నీళ్ళ దగ్గరికి వెళ్తే, చేపలు పట్టే లింగయ్య తన పుట్టిలో ఎక్కించుకున్నాడు. నడిమధ్యకు రాగానే అంబలి సీసాకు బిరడా బిగించి, రాయి కట్టి, తాడుతో లోపలికి దించాడు. అక్కడి జాలర్లకు అదే ఫ్రిజ్. నేను తీగ దించి కొలవడం ముగించేసరికి సీసా పైకి లాగాడు.

"తాగు బిడ్డా, కడుపు సల్లవడ్తది."

గొంతు జివ్వుమంది. ప్రోగ్రాం లెక్కన ఆ లోతులో ఇంకా వెచ్చని నీళ్ళే ఉండాలి.

"నా కంప్యూటర్ ఒప్పుకోదు తాతా."

"దానికి గూడ ఓ సీస తాపు" అని నవ్వుతూ బీడీ వెలిగించాడు. అగ్గిపుల్లకు చెయ్యి అడ్డం పెట్టలేదు, అయినా మంట నిటారుగా నిలబడింది. నల్లగొండ బస్టాండులోనైతే ఒక్క బీడీకి నాలుగు పుల్లలు కావాలి.

"ఈడ గాలి రాదా తాతా?"

"సుట్టూ గుట్టలేనాయె. పైపైననే పోతది."

నాకు నవ్వాగలేదు. నీళ్ళను కలిపి పై పొరను మందం చేసేది గాలే. ఆ గాలి అంకెలు నేను నల్లగొండ మైదానం నుంచి తెచ్చుకున్నాను. కవ్వమే పడని కుండలో మజ్జిగ చిలికానన్నమాట.

ఒక్క పుల్లతో ఏదీ రుజువు కాదు. ఊళ్ళో హోటలు నడిపే ఖాసిం భాయ్ ఇంట్లో రాత్రికి జాగా దొరికింది. మర్నాడు వెంట తెచ్చిన గాలిమీటరుతో పొద్దంతా కొలిచాను. ఇంటికొచ్చి, ఆ కొలతల మేరకు గాలిని తగ్గించి ప్రోగ్రాం మళ్ళీ నడిపితే, లెక్క గీత వచ్చి కొలత గీత పక్కన కూర్చుంది. గైడ్ రెండు గీతలూ పోల్చి చూసి, "అధ్యాయం ఉంచు" అన్నారు. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఏ నీళ్ళ గాలి ఆ నీళ్ళదే. ఎంత మంచి సమీకరణమైనా పక్క ఊరి గాలితో బతకదు. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: అడవి బాటలో వద్దుగానీ, నీళ్ళ నడుమకు వెళ్ళాక ఒక అగ్గిపుల్ల గీయండి. అది ఆరకపోతే, మీ సంచిలో ఉన్న గాలి అంకెలను నమ్మకండి.